మా ఇంటా వంటా లేని జబ్బు

ఆరేళ్ల కిందటి మాట. విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రి వరండా, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, అందులో మేం అయిదుగురం. మా పిన్ని కూతురి ఒళ్లో ఎనిమిది నెలల బాబు నిద్రపోతున్నాడు. వాడి అరచేతుల్లో ఎరుపన్నదే లేదు, మైనం ముద్దల్లా ఉన్నాయి. అంతకుముందు మూడు నెలలపాటు ఇంకోచోట రక్తం తక్కువగా ఉందని ఐరన్ చుక్కలు రాస్తే వేస్తూనే ఉన్నారు, వాడు పాలిపోతూనే ఉన్నాడు. ఆ రోజు లోపలికి పిలిచి చెప్పిన పేరు బీటా థలసీమియా మేజర్, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. బయటికి రాగానే అత్తయ్య, అంటే బాబుకి నాయనమ్మ, కోడలి వైపు చూస్తూ ఒకటే మాట అంది: "మా ఇంటా వంటా ఎవరికీ లేదమ్మా ఈ జబ్బు."

ఆ పిల్ల తల దించుకుంది. నేను పక్కనే ఉన్నాను. ఇంటర్ బైపీసీ పిల్లలకు ఇరవై ఏళ్లుగా జువాలజీ చెబుతున్నదాన్ని, ఆ మాట ఎందుకు తప్పో బోర్డు మీద వందసార్లు రాసినదాన్ని, అక్కడ మాత్రం నోరు పెగల్లేదు. ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. ఎందుకంటే ఈ మాట మా అత్తయ్య ఒక్కతే అనడం లేదు, గుంటూరులో, తెనాలిలో, బందరులో ఎక్కడ ఇలాంటి బిడ్డ పుట్టినా మొదట వినపడేది ఇదే.

ముందు జన్యువు అంటే ఏమిటో చూద్దాం. మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ 23 జతల క్రోమోజోములు ఉంటాయి, జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. వాటి మీద డీఎన్ఏ అనే రాత ఉంటుంది. ఆ రాతకి అక్షరాలు నాలుగే: ఎ, టి, జి, సి. ఒక్కో సెట్టులో ఇవి సుమారు 300 కోట్లు. ఆ పొడవాటి రాతలో, ఫలానా ప్రోటీన్ ఇలా తయారు చెయ్యాలి అని చెప్పే ముక్కే జన్యువు. అలాంటివి మనకి 20 వేల దాకా ఉన్నాయి. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అనే భాగాన్ని తయారుచేసే జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంటుంది, చాలా చిన్నది, 1600 అక్షరాలంత. మా బాబు కథంతా ఆ చిన్న ముక్కలోనే ఉంది.

కణం ఈ అక్షరాలను మూడేసి చొప్పున చదువుతుంది. ప్రతి మూడక్షరాలూ ఒక అమైనో ఆమ్లానికి గుర్తు, అవి వరసగా పేరిస్తే ప్రోటీన్. మూడేసి అన్నది ఎంత ముఖ్యమో క్లాసులో చెప్పడానికి నేనొక వాక్యం వాడతాను: "కమల పలక కడిగి తుడిచె." అన్నీ మూడక్షరాల మాటలే. ఇందులో ఒక్క అక్షరం మార్చండి, "కమల పడక కడిగి తుడిచె" అవుతుంది. వాక్యం నడుస్తూనే ఉంది కానీ వస్తువు మారిపోయింది. ఇప్పుడు మార్చడం కాకుండా రెండో అక్షరం "మ" తీసేసి, మళ్లీ మూడేసి చొప్పున చదవండి: "కలప లకక డిగితు డిచె." మొదటి మాటకి ఏదో అర్థం ఉన్నట్టు అనిపిస్తుంది గానీ అక్కడి నుంచి చివరిదాకా అంతా గందరగోళం. పోయింది ఒక్క అక్షరమే, పాడైంది వాక్యమంతా.

మ్యుటేషన్ అంటే ఇంతే. రాతలో మార్పు. అది శాపం కాదు, పాపం కాదు, తల్లి తిన్న తిండి వల్ల వచ్చింది కాదు, గ్రహణం రోజు బయటికి రావడం వల్లా కాదు. కణం విడిపోయేటప్పుడు కోట్ల అక్షరాలు తిరిగి రాసుకోవాలి, అక్కడక్కడ తప్పు పడుతుంది. మీలో, నాలో, ప్రతి మనిషిలో అమ్మానాన్నల్లో లేని కొత్త మార్పులు కొన్ని పదులు ఉంటాయి. వాటిలో చాలావరకు ఎవరికీ ఏ హానీ చెయ్యవు.

పైన చెప్పిన రెండు రకాల తప్పులూ ఈ బీటా జన్యువులోనే కనిపిస్తాయి. మన మన్యం ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో ఎక్కువగా ఉండే సికిల్ సెల్ జబ్బు మొదటి రకం, పలక పడకగా మారిన రకం. బీటా గొలుసులో ఆరో స్థానంలో జి-ఎ-జి అని ఉండాల్సింది జి-టి-జి అవుతుంది, గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది. ఆ ఒక్క తేడాతో ఎర్ర రక్తకణం ఆక్సిజన్ తగ్గినప్పుడు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడుతుంది. 1950ల్లో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రామ్ దీన్ని తేల్చాడు. ఒక జన్యువులో తప్పు ఒక ప్రోటీన్‌లో ఫలానా చోట కనబడుతుందని చూపించింది అప్పుడే.

థలసీమియాలో అలా కాదు. బీటా గొలుసు వంకరగా తయారవడం కాదు, సరిపడా తయారే కాదు. దీనికి దారితీసే మార్పులు ఒకటీ రెండూ కాదు, 200కు పైగా తెలుసు. కొన్నింటిలో ఒక అక్షరం ఎక్కువై, కొన్నింటిలో నాలుగక్షరాలు జారిపోయి కమల వాక్యంలా అంతా చెదిరిపోతుంది. మన దేశంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మాత్రం ఇంకో రకం, మా బాబుకి ఉన్నదీ అదే. జన్యువు రాతలో పనికొచ్చే ముక్కల మధ్య పనికిరాని ముక్కలు కూడా ఉంటాయి, వాటిని కత్తిరించి పక్కనపడేసి మిగతావి కలిపి కుట్టుకోవాలి. వన్‌టౌన్‌లో టైలర్ గుడ్డ మీద సుద్దముక్కతో గీత గీసి దాని ప్రకారం కత్తెర వేస్తాడు చూడండి, అచ్చం అలాంటి గుర్తులు ఈ రాతలోనూ ఉంటాయి. మా బాబు జన్యువులో ఆ సుద్దగీత దగ్గర ఒక జి పోయి సి వచ్చింది. గుడ్డ బాగానే ఉంది, గీత చెదిరింది. కత్తెర చాలాసార్లు తప్పు చోట పడుతుంది, ఎప్పుడో ఒకసారి సరిగ్గా పడుతుంది.

మరి పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు కదా అంటారు. ఉంటాడు. కడుపులో ఉన్న బిడ్డకు వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది, దాంట్లో బీటా బదులు గామా గొలుసు. పుట్టాక నెమ్మదిగా గామా ఆగి బీటా మొదలవ్వాలి, ఆరు నెలలకు ఆ మార్పు దాదాపు పూర్తవుతుంది. బీటా రాని బిడ్డ సరిగ్గా అప్పటి నుంచే పాలిపోవడం మొదలుపెడతాడు. ఇంకో చిక్కుంది. హిమోగ్లోబిన్‌కి ఆల్ఫా, బీటా గొలుసులు జోడీగా కావాలి. బీటా లేక ఒంటరిగా మిగిలిన ఆల్ఫా గొలుసులు ఎముక మూలుగలోనే పేరుకుని, పుట్టబోయే ఎర్రకణాన్ని అక్కడే చంపేస్తాయి. మూలుగ ఇంకా ఇంకా తయారు చెయ్యాలని చూసి ఉబ్బుతుంది, ముఖం ఎముకలు మారతాయి, ప్లీహం పెరుగుతుంది. ఇనుము తక్కువై వచ్చిన రక్తహీనత కానే కాదిది. అందుకే ఆ మూడు నెలల చుక్కలు తల్చుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం. వాళ్లమ్మకి లేదు, నాన్నకి లేదు, వీడికెక్కడిది?

క్రోమోజోములు జతలుగా ఉంటాయని చెప్పుకున్నాం కదా, అంటే ప్రతి జన్యువుకీ మనలో రెండు ప్రతులు ఉంటాయి. అపార్ట్‌మెంట్‌కి రెండు మోటార్లు ఉన్నాయనుకోండి. ఒకటి పాడైనా రెండోదానితో ట్యాంకు నిండుతుంది, కాస్త ఆలస్యంగా. పైన ఫ్లాట్లలో వాళ్లకి ఒక మోటారు చెడిపోయిందనే తెలీదు. థలసీమియా మైనర్ అంటే ఇదే. హిమోగ్లోబిన్ పది, పదకొండు దగ్గర తిరుగుతుంటుంది, ఎర్రకణాలు మామూలుకన్నా చిన్నగా ఉంటాయి, మనిషి మాత్రం పొలం పనో ఆఫీసు పనో చేసుకుంటూ డెబ్భై ఎనభై ఏళ్లు బతుకుతాడు. వీళ్లని వాహకులు అంటారు, క్యారియర్లు. జబ్బు లేదు, జబ్బు తాలూకు రాత ఒక ప్రతిలో ఉంది. ఇలాంటి వాహకులు మన దేశంలో నూటికి మూడు నుంచి నలుగురు.

ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే? బిడ్డ ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ప్రతి తీసుకుంటాడు, రెండు నాణేలు ఎగరేసినట్టు. రెండూ మంచివి పడటం నాలుగో వంతు, ఒకటి మంచిది ఒకటి చెడ్డది సగం, రెండూ చెడ్డవి నాలుగో వంతు. ఆ చివరి నాలుగో వంతే మేజర్. అంటే తాతముత్తాతల నుంచి ఆ రాత నిశ్శబ్దంగా దిగుతూ వచ్చింది, ఎవరిలోనూ బయటపడలేదు, ఎందుకంటే ఎప్పుడూ ఒంటరిగానే ఉంది. వీడిలో మొదటిసారి జత కలిసింది. అత్తయ్య అన్నది నిజమే, ఇంటా వంటా ఎవరికీ జబ్బు లేదు. కానీ జబ్బు లేకపోవడం వేరు, రాత లేకపోవడం వేరు. రెండు వైపుల నుంచీ చెరొకటి రాందే ఈ జబ్బు రానే రాదు కాబట్టి, కోడలి వల్ల వచ్చింది అన్న మాట లెక్క ప్రకారమే తప్పు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి. నలుగురిలో ఒకరికి అన్నారు, ఒకరికి వచ్చేసింది, ఇక తర్వాత ముగ్గురికీ భయం లేదు అనుకుంటారు. చదువుకున్నవాళ్లే ఇలా అనడం విన్నాను. నాణేనికి కిందటిసారి ఏం పడిందో గుర్తుండదు. ప్రతి కాన్పుకీ మళ్లీ మొదటి నుంచి అదే నాలుగో వంతు.

ఆ రోజు రాత్రి ఇంట్లో ఒక పాత శుభలేఖ వెనక నేను వంశవృక్షం గీశాను. మా పిన్ని కూతురిది మేనరికం, మొగుడు మా మేనమామ కొడుకు. పిన్నీ మేనమామా మా అమ్మా తోబుట్టువులు. బాబు దగ్గర మొదలుపెట్టి తల్లి వైపు ఒక గీత పైకి, తండ్రి వైపు ఒక గీత పైకి గీస్తే, మూడు మెట్లు ఎక్కేసరికి రెండు గీతలూ ఒకే చోట కలిశాయి, మా తాతయ్య అమ్మమ్మల దగ్గర. వాళ్లిద్దరిలో ఎవరో ఒకరి రాత రెండు దారుల్లో దిగి వీడి దగ్గర మళ్లీ కలుసుకుంది. మీ వైపు, మా వైపు అని కొట్టుకోవడానికి అసలు రెండు వైపులే లేవు. అత్తయ్య ఆ కాగితం చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు, కోడల్ని లేపి అన్నం తినిపించింది.

గోత్రాలు వేరు కదా అని మా మావయ్య అడిగాడు. ఇది చాలా మంచి ప్రశ్న, మన తెలుగువాళ్లందరూ తెలుసుకోవాల్సిన జవాబు ఉన్న ప్రశ్న. గోత్రం తండ్రి నుంచి కొడుకుకి, ఆ కొడుకు నుంచి వాడి కొడుక్కి, ఒకే దారిలో దిగుతుంది. సగోత్రం వద్దు అన్నప్పుడు మనం పరీక్షించేది ఆ ఒక్క దారినే. మేనమామకీ మేనకోడలికీ, మేనబావకీ మరదలికీ గోత్రాలు ఎప్పుడూ వేరుగానే ఉంటాయి, ఆడపిల్ల పుట్టిల్లు ఒకటి మెట్టినిల్లు ఒకటి కాబట్టి. కానీ జన్యువులు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం దిగుతాయి, ఇంటి పేరు మారినా అవి మారవు. కాబట్టి గోత్రం వేరైనంత మాత్రాన రక్తం వేరైపోదు.

లెక్క చెబుతాను. నేను వాహకురాలిని అనుకోండి. బంధుత్వం లేని అబ్బాయి కూడా వాహకుడు అయ్యే అవకాశం నూటికి మూడో నాలుగో. మేనబావ అయితే నాలో ఉన్న అదే రాత అతనిలోనూ ఉండే అవకాశం ఎనిమిదిలో ఒకటి. మేనమామ అయితే నాలుగులో ఒకటి. మేనరికం కొత్తగా జబ్బుని పుట్టించదు, దాగి ఉన్న రెండు ఒకే రకం రాతలు కలుసుకోవడాన్ని సులువు చేస్తుంది, అంతే. మేనరికం చేసుకున్నవాళ్ల పిల్లల్లో ఎక్కువమంది బాగానే పుడతారు, అది కూడా నిజం, దాచకూడదు. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలకి పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది, మేనబావ మరదళ్ల పిల్లల్లో దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయి. ఒక ఇంటిని చూస్తే చిన్న తేడా, ఊళ్లకి ఊళ్లు తరతరాలుగా చేస్తే పెద్ద తేడా. దీని మీద మన దగ్గర చాలా ముందే పని జరిగింది. 1957లో బ్రిటన్ వదిలి మన దేశానికి వచ్చేసిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర శిష్యుడిగా చేరిన తెలుగువాడు కృష్ణ ద్రోణంరాజు, 1960ల మొదట్లోనే ఆంధ్రలో మేనరికాల లెక్కలు తీసి ప్రచురించాడు. ఆ హాల్డేనే 1949లో ఇంకో మాట అన్నాడు: థలసీమియా వాహకులు మలేరియాని కాస్త తట్టుకుంటారేమో, అందుకే మలేరియా ఉన్న చోట్ల ఈ రాత ఇంతగా మిగిలిందేమో అని. తర్వాతి పరిశోధనలు ఆ ఊహని బలపరిచాయి. అంటే ఒకప్పుడు మన పూర్వీకుల్లో కొందరిని బతికించిన రాతే ఇది, జత కలిసినప్పుడు మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

మేనరికం మానేస్తే చాలు అనుకోవడం కూడా సరికాదు. చిన్న గుంపుగా మొదలై వందల ఏళ్లు తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న ఏ కులంలోనైనా, ఎవరో పాత పూర్వీకుడి రాత చాలామందిలో ఉండిపోతుంది, వాళ్లు దగ్గరి బంధువులు కాకపోయినా సరే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఈ ప్రభావం, దీనికి పేరుపడ్డ ఫిన్లాండ్ జనంలో, యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో కన్నా బలంగా కనిపించింది. మనకి బాగా తెలిసిన ఉదాహరణ ఆర్యవైశ్యులది. వాళ్లలో కొందరికి సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము తయారవదు. రోజువారీ బతుకులో దాని వల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులవడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడితే మాత్రం, అందరిలో నిమిషాల్లో దిగిపోయేది వాళ్లలో గంటలపాటు దిగదు, అంతసేపూ శ్వాస యంత్రం మీద ఉంచాల్సి వస్తుంది. ఈ సంగతి తెలిసిన మత్తు డాక్టర్లు ముందే అడిగి వేరే మందు వాడతారు. ఆ ప్రశ్న అడిగితే నొచ్చుకోకండి, అది ప్రాణం కాపాడే ప్రశ్న.

వంశపారంపర్య జబ్బులన్నీ ఇలా జత కలిస్తేనే వస్తాయని కాదు. హంటింగ్టన్ అనే మెదడు జబ్బు లాంటి వాటిలో ఒక్క చెడ్డ ప్రతి చాలు, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకి సగం అవకాశం. రక్తం సరిగ్గా గడ్డకట్టని హిమోఫీలియా, డ్యూషేన్ కండరాల జబ్బు, వీటి రాతలు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి, మగపిల్లాడికి ఎక్స్ ఒకటే కాబట్టి ఎక్కువగా వాళ్లలోనే బయటపడతాయి. కొన్ని మరుగుజ్జుతనం కేసుల్లో అమ్మానాన్నలిద్దరిలోనూ ఆ రాతే ఉండదు, బిడ్డలోనే కొత్తగా మార్పు వస్తుంది.

ఆ వంశవృక్షం గీశాక నేనూ పరీక్ష చేయించుకున్నాను. కాలేజీ రోజుల నుంచి నా హిమోగ్లోబిన్ ఎప్పుడూ పది దాటలేదు, ఎవరు చూసినా ఐరన్ మాత్రలే రాశారు, రెండు కాన్పుల్లోనూ అవే మింగాను. రిపోర్టులో హెచ్‌బీ ఎ2 (హిమోగ్లోబిన్‌లో కొద్దిగా ఉండే ఒక రకం) అన్న గీత దగ్గర 5.1 శాతం అని ఉంది. మూడున్నర దాటితే వాహకులు. ఇరవై ఏళ్లుగా నేను పాఠం చెబుతున్న ఆ తప్పు రాత నాలోనే ఉంది. మా అమ్మకీ ఉంది. మా ఆయన రక్తం మామూలుగా ఉంది కాబట్టి మా పిల్లలకి మేజర్ వచ్చే దారి లేదు, మైనర్ రావడానికి సగం అవకాశం. అబ్బాయికి వచ్చింది, అమ్మాయికి రాలేదు.

పరీక్ష కష్టమైంది కాదు. మామూలు రక్తపరీక్షలో ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ 80 కన్నా తక్కువ ఉంటే అనుమానం. అప్పుడు హెచ్‌పీఎల్‌సీ లేదా హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ అని పేరు చెప్పి అడగాలి, ఉత్త హిమోగ్లోబిన్ శాతం చూస్తే తెలియదు. ఐరన్ లోపం కూడా ఉంటే ఎ2 తక్కువగా కనబడి మోసం చెయ్యొచ్చు, అందుకని ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూస్తారు. విజయవాడలో, గుంటూరులో పెద్ద ల్యాబుల్లో చేస్తారు, పెళ్లి ఖర్చుల ముందు అది లెక్కలోకి రాదు. పెళ్లికి ముందు ఒకరు చేయించుకుంటే చాలు, వాళ్లు వాహకులైతేనే రెండోవాళ్లు. ఇద్దరూ వాహకులని తేలినా పెళ్లి ఆపుకోవాల్సిన పని లేదు. గర్భం వచ్చాక పది, పన్నెండు వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ రాత ఎలా ఉందో చూడొచ్చు. ఏం చెయ్యాలన్నది ఆ తర్వాత ఆ భార్యాభర్తలు తీసుకునే నిర్ణయం, ఇంకెవరిదీ కాదు. సైప్రస్‌లో 1970ల నుంచి ఇలా పెళ్లికి ముందు పరీక్షలు, సలహాలతో మేజర్ బిడ్డల పుట్టుకను దాదాపు ఆపేశారు.

మా బాబు ఇప్పుడు ఒకటో తరగతి. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించుకుంటాడు. ఎక్కించిన ప్రతి సంచీతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది, దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు, అది గుండెలో, కాలేయంలో పేరుకోకుండా రోజూ పొద్దున్నే మాత్ర నీళ్లలో కలిపి తాగుతాడు. చెంచాతో గిరగిరా తిప్పి, అడుగున మిగిలింది కూడా మళ్లీ నీళ్లు పోసుకుని తాగాలని వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో థలసీమియా, సికిల్ సెల్, హిమోఫీలియా మూడూ ఉన్నాయి, ఆ సర్టిఫికెట్ తీయించాం. మూలుగ మార్పిడికి అన్నిటికంటే మంచిది జత కుదిరిన తోబుట్టువు మూలుగ. తర్వాత పుట్టిన చెల్లికి జబ్బు లేదు, మూలుగ మాత్రం కలవలేదు. 2023 చివర్లో బ్రిటన్‌లోనూ, 2024 జనవరిలో అమెరికాలోనూ థలసీమియాకి కొత్త చికిత్స ఒకటి ఆమోదం పొందింది, పేషెంటు సొంత మూలకణాల్లోనే రాత సవరించి, పుట్టాక ఆగిపోయిన ఆ గామా గొలుసుని మళ్లీ మొదలుపెట్టిస్తారు. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. ఆ ధర ఏదో ఒకరోజు మా పిల్లాడికి అందేంతగా దిగుతుందని నేను నిజంగా నమ్ముతున్నాను.

ఆ శుభలేఖ ఇంకా నా దగ్గరే ఉంది. తాతయ్య అమ్మమ్మల కింద ఉన్న మనవలు మనవరాళ్లలో పరీక్ష అయినవాళ్ల పేర్ల పక్కన ఎర్ర ఇంకుతో మైనర్ అనో మామూలు అనో రాశాను. హైదరాబాద్‌లో ఉన్న ఇద్దరి పేర్ల పక్కన ఇంకా ఖాళీ ఉంది. అందులో ఒకమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. మొన్న ఆదివారం మళ్లీ ఫోన్ చేశాను, వచ్చే వారం వెళ్తానక్కా అంది.